కార్ల మాటెత్తని విందులు

కిందటి వారం లాయరుగారు కాలింగ్ బెల్ నొక్కగానే మనం ఆపేశాం. పాపం, వారం రోజులుగా ఆ మనిషి బరువైన బ్యాగు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ముందు ఆయన్ని లోపలికి రానిచ్చి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఆ తర్వాత కథలోకి వెళ్దాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మన ఇల్లాలి భర్త ఒక పెద్ద కార్ల కంపెనీలో ధరలు నిర్ణయించే విభాగానికి అధిపతి. వీధిలో అందరూ ఆయన్ని ధరలాయన అంటారు, ఆయన ముందు తప్ప. ఐదు కార్ల కంపెనీలు పైకి పోటీ పడుతున్నట్టు కనిపిస్తూ, లోపల కూడబలుక్కుని ధరలు పెంచుతున్నాయని ఫిర్యాదు వచ్చింది. ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. వెతగ్గా వెతగ్గా ఆ ఐదు కంపెనీల ధరల అధికారుల మధ్య ఒక్క ఫోన్ కాల్ దొరకలేదు, ఒక్క ఉత్తరం దొరకలేదు. దొరికిందల్లా, ఆ ఐదు కుటుంబాలూ ఏళ్ళ తరబడి వంతులవారీగా ఒకరింటికి ఒకరు విందులకి వెళ్ళేవారన్న సంగతి. అందుకని రేపు మన ఇల్లాల్ని సాక్షిగా రమ్మన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెని ఏ ఆఫీసువాళ్ళయినా పనిగట్టుకుని పిలవడం ఇదే మొదలు.

లాయరు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు. ఈయన కంపెనీ లాయరు. ఆ చివర భర్త కూర్చుని బల్లమీది గీతని బొటనవేలితో తుడుస్తున్నాడు. అది మరక కాదు, గీత. తుడిస్తే పోదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అత్తగారు సోఫాలో కూర్చుని సౌండు తీసేసి టీవీ చూస్తోంది. సౌండు తీసేస్తేనే ఇంట్లో మాటలు బాగా వినపడతాయని ఆవిడ అనుభవం.

"మీరేం భయపడకండమ్మా," అన్నాడు లాయరు.

"భయపడట్లేదండీ."

మర్యాదకి అన్న మాట కాదది. నోటీసు వచ్చిన రోజు నుంచీ ఆమెకి భయం గానీ, కోపం గానీ, ఏడుపు గానీ ఏదీ రావడం లేదు. పళ్ళ డాక్టరు మత్తుసూది పొడిచాక చెంప ఎలా ఉంటుందో, మనిషి మొత్తం అలా ఉంది. గిల్లితే గిల్లారని తెలుస్తుంది, నొప్పి మాత్రం పక్కింటివాళ్ళది అన్నట్టుంటుంది.

"మీ చేత ఒక్క అబద్ధం కూడా చెప్పించను," అన్నాడు లాయరు. "నా వృత్తిలో అది పెద్ద నేరం. అన్నీ నిజాలే చెప్పండి. ఏ నిజాలు చెప్పాలో మాత్రం నేను చెప్తాను."

"ఆయనకి ఇంకో రెండు బిస్కెట్లు పెట్టమ్మాయ్," అంది అత్తగారు టీవీ వైపే చూస్తూ. "కష్టమైన పనిలో ఉన్నాడు."

లాయరు గొంతు సవరించుకుని, కాసేపు విచారణాధికారి అయిపోయాడు. "అమ్మా, మీ విందుల్లో మగవాళ్ళు కార్ల ధరల గురించి మాట్లాడుకునేవారా?"

"లేదండీ. అసలు కార్ల మాటే ఎత్తేవారు కాదు. ఎత్తితే శిక్ష."

"శిక్షా?"

"కారు అన్న మాట ఎవరి నోట వస్తే, ఆ విందు గిన్నెలన్నీ వాళ్ళే తోమాలి. మగవాళ్ళే పెట్టుకున్నారు ఆ నియమం."

లాయరు మొహం విచ్చుకుంది. ఆమె చెప్పుకుపోయింది. ఒకసారి పొడుగావిడ భర్త, అంటే రెండో కంపెనీ ధరల అధికారి, మాటల మధ్యలో టైరు అన్నాడు. టైరంటే కారు కిందికి వస్తుందా రాదా అని పెద్ద చర్చ. సైకిలుకీ టైరుంటుందని ఆయన వాదించాడు. చివరికి నలుగురూ కలిసి ఆయన్ని సింకు దగ్గరికి తోసేశారు. అంత పొడుగు మనిషి వంగి బాణలి తోముతుంటే ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఆఫీసుని ఆఫీసులోనే వదిలేసి వచ్చే మొగుళ్ళు ఎంతమందికి దొరుకుతారని ఆమె నలుగురి దగ్గరా గొప్పలు కూడా పోయింది.

"బ్రహ్మాండం! రేపు అచ్చం ఇలాగే చెప్పండి. బాణలి సంగతి కూడా."

ఆయన బిస్కెట్ టీలో ముంచాడు. సగం విరిగి లోపల పడింది. దాన్ని చెంచాతో వెతుకుతూ అసలు విషయానికి వచ్చాడు.

"ఇప్పుడు వాళ్ళ ఆరోపణ వినండి. విందు ఎవరింట్లో జరిగితే, మరుసటి వారం ఆ ఇంటాయన కంపెనీ ముందుగా ధర పెంచుతుందట. తక్కిన నలుగురూ, ఇనుము ఖరీదైందనో రబ్బరు దొరకడం లేదనో చెప్పి, ఒకరి వెనక ఒకరు పెంచుతారట. ఎవరూ నోరు విప్పక్కర్లేదు. విందే సైగ. ఇదీ వాళ్ళు అల్లిన కథ."

కథ అన్న చోట లాయరు నవ్వాడు. భర్త నవ్వలేదు. గీత తుడవడం ఆపాడు.

ఇల్లాలికి తన పెద్ద గిన్నెలు గుర్తొచ్చాయి.

విందు తన వంతు వచ్చినప్పుడు అటక మీంచి పెద్ద గిన్నెలు దింపించేది. అయిపోయాక తోమి, బోర్లించి, వాటిని మళ్ళీ పైకెక్కించే నాథుడి కోసం ఎదురుచూస్తూ వంటింట్లో కాలికీ చేతికీ తగిలించుకుంటూ తిరిగేది. అవి ఇంకా నేలమీద ఉండగానే ఫోన్ మోగేది. తమ్ముడు. "అక్కా, బావ మళ్ళీ అందరికంటే ముందు రేటు పెంచాడే! షోరూంకి వచ్చినవాళ్ళంతా నన్ను తిట్టిపోస్తున్నారు." తనేమో ఒక కాలితో గిన్నెని పక్కకి జరుపుతూ, "బావ మాత్రం ఏం చేస్తాడురా, ఇనుము ఖరీదైందట," అనేది.

ప్రతిసారీ ఇంతే. గిన్నెలు అటకెక్కాక ఆ ఫోన్ వచ్చిన జ్ఞాపకం ఒక్కటీ లేదు.

ఇలాంటిది తెలిసినప్పుడు గుండె ఆగుతుందని, కాళ్ళ కింద నేల కదులుతుందని అంటారు. ఆమెకి అలాంటిదేమీ జరగలేదు. నేల ఉన్నచోటే ఉంది. అవునన్నమాట, అనుకుంది. అంతే.

"కానీ అదృష్టం మన పక్షాన ఉందమ్మా," లాయరు ముందుకి వంగాడు. "ఒకే ఒక్కసారి ఆ వరస తప్పింది. మూడేళ్ళ కిందట వానాకాలంలో విందు జరిగింది ఆ పొడుగావిడ ఇంట్లో. ధర పెంచింది మీవారి కంపెనీ! తక్కిన నలుగురూ కదల్లేదు. రెండు నెలలపాటు ఊళ్ళో మన కార్లే ఖరీదు. అడిగే దిక్కు లేక నిలబడిపోయాయి. కూడబలుక్కున్నవాళ్ళకి ఇలాంటి గతి పడుతుందా? మీరు చెయ్యాల్సిందల్లా ఆ విందు ఆవిడింట్లోనే జరిగిందని చెప్పడం. కేసు సగం అక్కడే కూలిపోతుంది."

"ఆ వానాకాలమే కదండీ, మా తమ్ముడి షోరూం మూతపడింది?"

లాయరు ఆమె వైపు కాకుండా ఆమె భర్త వైపు చూశాడు. టీ మీద మీగడ కట్టింది.

"అది వేరే సంగతమ్మా. రేపు దాని గురించి ఎవరూ అడగరు." ఆయన బ్యాగు సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ బిస్కెట్లు చాలా బాగున్నాయన్నాడు. కొట్లో కొన్నవి.

తమ్ముడి గురించి కొంచెం చెప్పాలి. బావ కంపెనీ కార్లే అమ్మేవాడు. మెయిన్ రోడ్డు మీద నిలువెత్తు అద్దాల షోరూం. పొద్దున్నే తనే గుడ్డ పట్టుకుని కార్లు తుడిచేవాడు, పనివాళ్ళు తుడిస్తే మెరవవని. ఆ వానాకాలంలో కొనేవాడు రాక, మెరుస్తున్న కార్లు మెరుస్తూనే నిలబడి, ఆఖరికి షోరూంకి తాళం పడింది. మనిషి మంచివాడే గానీ వ్యాపారం చేతకాదని బంధువులంతా కలిసి తేల్చేశారు. పెళ్ళిళ్ళలో వాణ్ణి వడ్డన దగ్గర నిలబెట్టడం మొదలుపెట్టారు, చదివింపుల డబ్బు తీసుకునే చోట కాకుండా. ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్తున్నాడు.

ఇల్లాలు లాయరు కప్పు తీసి సింకులో పెట్టి వచ్చి, ఆయన కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది.

"విందు ఎవరింట్లో అయితే వాళ్ళదే ముందు. అంతేనా?"

భర్త మళ్ళీ గీత తుడవడం మొదలుపెట్టాడు. "నీకు తెలియకపోవడమే నీకు మంచిదనుకున్నాను."

"నేను వండాను."

"వండితే తప్పేముంది?"

"తప్పనలేదు. వండానని చెప్తున్నాను."

ఆమె గొంతు కూరగాయల బేరం చేసే గొంతులా మామూలుగా ఉంది. అదే ఆయన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. అరిస్తే సమాధానం చెప్పడం అలవాటే.

"మరి ఆ వానాకాలం ఏమైంది?"

ఈసారి ఆయన మొహంలోకి నెత్తురొచ్చింది. "ఏమైందంటే, పొడుగావిడ మొగుడు మోసం చేశాడు! అది మన వంతు. మన వంటింటి సీలింగు పెచ్చులూడి పొయ్యి మీద పడిందని, ఏదో ఆ ఒక్కరోజుకి వాళ్ళింట్లో పెట్టుకున్నాం. చోటు మారితే వంతు మారిపోతుందా? మన వంతు కాబట్టి మరుసటి వారం నేను పెంచాను. నలుగురూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. నన్ను ఒంటరిగా నడిరోడ్డు మీద నిలబెట్టారు. నా ఉద్యోగం ఊడబోయింది, తెలుసా?"

"ఫోన్ చేసి అడగాల్సింది."

"ఫోన్ చెయ్యకూడదు. అదే మొదటి నియమం."

"తర్వాతి విందులో అడగాల్సింది."

"ఎలా అడుగుతాను? కార్ల మాటెత్తకూడదుగా!"

సోఫాలోంచి చిన్న దగ్గు వినపడింది. నవ్వుని దగ్గుగా మార్చడంలో అత్తగారిది అందె వేసిన చెయ్యి.

"మూడేళ్ళుగా వాడి పక్కన కూర్చుని తింటూనే ఉన్నాను," అన్నాడు భర్త. "వాడూ ఏమీ ఎరగనట్టు నా మొహం చూసి పలకరింపుగా ఒక నవ్వు పారేస్తాడు. దొంగ వెధవ."

"వాళ్ళకి సీలింగు సంగతి తెలీదు," అంది ఆమె.

"ఏంటి?"

"తెలీదు. పొడుగావిడకి తప్ప ఎవరికీ తెలీదు. నేనే చెప్పొద్దన్నాను."

భర్త నోరు కొంచెం తెరుచుకుంది.

"సిగ్గేసింది," అంది. "ఇంత పెద్ద కంపెనీలో అంత పెద్ద ఉద్యోగం చేస్తూ, వంటింట్లో గొడుగేసుకుని వండుకుంటున్నారు అనుకుంటారని. అందుకని, కొత్త కర్టెన్లు కుట్టించాను, అవి చూపించాలని నేనే ముచ్చటపడి పిలిచాను, అని చెప్పమన్నాను ఆవిణ్ణి. అలాగే చెప్పింది పాపం. కర్టెన్లు పాతవే. ఉతికి తగిలించింది."

"వాళ్ళాయనకి కూడా?"

"ముఖ్యంగా ఆయనకే. ఆయన కడుపులో ఏ మాటా ఆగదుగా."

భర్త లెక్కల మనిషి. ఆయన కళ్ళు ఒక్కొక్క మెట్టే ఎక్కడం ఆమెకి కనిపించింది. "అంటే... ఆవిడ పిలిచింది కాబట్టి అది వాళ్ళ వంతనుకున్నారు. వాళ్ళ వంతులో నేను దూరి పెంచేశాననుకున్నారు. ఎందుకు పెంచానో తెలీక, ఇదేదో ఉచ్చు అనుకుని, భయపడి కదల్లేదు." ఆయన వెనక్కి వాలాడు. "అంటే మూడేళ్ళుగా వాడు కూడా నన్నే దొంగ వెధవ అనుకుంటున్నాడన్నమాట!"

ఆశ్చర్యం ఏమిటంటే, ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం తేలిక పడింది. పోయిన స్నేహితుడు తిరిగొచ్చినట్టు చిన్న నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వుని ఆమె చూస్తూ కూర్చుంది. షాపులో ఎవరో ఇంకొకరి చీర బేరం చేస్తుంటే చూస్తామే, అలా.

"మరి మా తమ్ముడు?"

నవ్వు ఆగిపోయింది.

"కార్లు ఎందుకు అమ్ముడుపోవడం లేదో వాడికి తెలీదు. మీకు తెలుసు."

"తెలిస్తే మాత్రం ఏం చెయ్యను? పెంచిన ధర దించితే ఎందుకు దించావని పైవాళ్ళు అడుగుతారు. ఏం చెప్పమంటావు, వంతు తప్పిందనా?"

"దించమనట్లేదు. వాడికి వ్యాపారం చేతకాదని అందరితో పాటు మీరూ అన్నారు."

"నేనెప్పుడూ అనలేదు," అన్నాడు భర్త వెంటనే. ఒట్టేసి చెప్పగలిగిన మాట దొరికినందుకు నిటారుగా కూర్చున్నాడు. "మీరందరూ అంటుంటే కాదనలేదు. అంతే."

అత్తగారు రిమోట్ నొక్కి టీవీ ఆర్పేసింది.

"మీ నాన్న నాతో అబద్ధమాడితే తన సొంత నోటితో ఆడేవారురా," అంది కొడుకుతో. "నువ్వు నీ పెళ్ళాం వంటతో ఆడించావు." ఆ మాట అని, మోకాళ్ళు పట్టుకుని లేచి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

తలుపు పడ్డాక భర్త గొంతు తగ్గించాడు. "చూడు. సీలింగు సంగతి మనింట్లోవాళ్ళకీ పొడుగావిడకీ తప్ప తెలీదు. ఆవిడ చెప్పదు, ఆవిడ మొగుడూ అందులోనే ఉన్నాడు. రేపు నువ్వు అది చెప్పావంటే, ఆ ఒక్కసారి కూడా వరస తప్పలేదని తేలిపోతుంది. నేను జైలుకి వెళ్తాను. నేను బెదిరించట్లేదు. జరిగేది చెప్తున్నాను."

"చెప్పకపోతే వాడు చేతకానివాడుగా మిగిలిపోతాడు. అదీ జరిగేదే."

"వాడి సంగతి నేను చూసుకుంటాను."

ఆ మాటకి అర్థమేమిటో అడిగే ఓపిక ఆమెకి లేకపోయింది. లేచి వెళ్ళి సింకులో కప్పు కడిగింది. కడిగిన కప్పునే ఇంకోసారి కడుగుతున్నానని కాసేపటికి తెలిసింది. పైన సీలింగు తెల్లగా, నున్నగా ఉంది. బాగు చేయించాక అక్కడ పెచ్చులూడాయంటే ఎవరూ నమ్మరు.

ఇంకా ఎండ పూర్తిగా పోకముందే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. బెల్ కొట్టకుండా తలుపు తోసుకొచ్చే మనిషి ఒక్కడే.

"అక్కా!"

తమ్ముడు. చేతిలో కేకు డబ్బా. ఒంటి మీద కోటు. షోరూం మూతపడ్డాక ఆ కోటు మళ్ళీ బయటికి రావడం ఇదే. మనిషి కొంచెం ఒళ్ళు చేశాడు, బొత్తం పట్టడం లేదు. అయినా పెట్టుకున్నాడు.

"ఏంట్రా ఈ వేషం?"

"వేషమేంటే, రేపట్నుంచి ఇదే యూనిఫాం! బావ చెప్పలేదా నీకు?" వాడు బావ వైపు తిరిగాడు. "సర్‌ప్రైజ్ అని దాచారా బావా? మీరు సామాన్యులు కారు."

బావ బల్ల మీది గీత మీద బొటనవేలు పెట్టాడు.

"మళ్ళీ షోరూం ఇస్తున్నారక్కా నాకు! అదే రోడ్డు, దానికంటే పెద్దది. పొద్దున లాయరుగారే స్వయంగా ఇంటికొచ్చి చెప్పారు. నీ మరదలికైతే ఆనందంతో ఏడుపొక్కటే తక్కువ. మూడేళ్ళ తర్వాత నాకు నవ్వుతూ అన్నం పెట్టింది."

"ఊరికే ఇస్తారుట్రా?"

"ఊరికే ఏం కాదులే, ఒక సంతకం." వాడు కేకు డబ్బాకి కట్టిన దారం విప్పడానికి అవస్థ పడుతున్నాడు. "అప్పట్లో షోరూం మూతపడింది నా చేతకానితనం వల్లే, కంపెనీ ధరకీ దానికీ సంబంధం లేదు, అని. పెట్టేశాను. అందులో అబద్ధమేముంది? నువ్వూ అదే అన్నావుగా, నీ మరదలి ముందే. అప్పుడు కొంచెం బాధపడ్డాను గానీ, ఆలోచిస్తే నిజమే కదా అనిపించింది. పోనీలే, ఈసారి జాగ్రత్తగా ఉంటాను."

దారం తెగింది. వాడు విజయగర్వంతో మూత తీశాడు.

ఇన్నాళ్ళకి ఆమెకి ఎక్కడో ఏదో తెలిసింది. నొప్పి కాదు, మత్తు దిగేటప్పుడు చెంపలో మొదలయ్యే చిటచిట.

"సంతకంతో అయిపోయినట్టేనా?"

"రేపు వెళ్ళి ప్రమాణం చేసి అదే మాట చెప్పాలి. నీకంటే ముందు నన్నే పిలుస్తారట. అక్కాతమ్ముళ్ళం ఒకేరోజు సాక్ష్యం! చిన్నప్పుడు స్కూలుకి వెళ్ళినట్టు."

లాయరు ఎందుకంత ధీమాగా బిస్కెట్లు తిన్నాడో ఇప్పుడర్థమైంది. వీడు ముందు ప్రమాణం చేసేస్తాడు. ఆ తర్వాత తను నిజం చెప్తే భర్త ఒక్కడే కాదు, తమ్ముడు కూడా ప్రమాణం మీద అబద్ధమాడినవాడవుతాడు. చెప్పాలంటే వాడు నోరు తెరవకముందే వాడికి చెప్పాలి.

"కాసేపు కూర్చోరా. నీతో..."

"కుదరదే, కింద కారులో ఒకావిడ కూర్చుని ఉంది, నా శిష్యురాలు. దేన్నీ ముట్టుకోకండని చెప్పొచ్చాను గానీ, ఆవిడ వినే రకం కాదు." కిటికీలోంచి హారన్ మోగింది. "చూశావా! ముట్టుకుంది."

"అయితే రేపు నువ్వే వచ్చి నన్ను తీసుకెళ్ళు."

"లాయరుగారి కారు వస్తుందిగా నీకు," అన్నాడు భర్త.

"వద్దు. మా తమ్ముడితో వెళ్తాను." ఆయన వైపు చూడకుండానే చెప్పింది. "కొంచెం ముందుగా రా. చుట్టూ తిరిగే రోడ్డున వెళ్దాం."

తమ్ముడు పొంగిపోయాడు. అక్క తన కారెక్కి ఎన్నాళ్ళయిందో. "తప్పకుండా! కాకపోతే స్కూలు కారే తెస్తాను, ఏమనుకోకు. ముందు సీట్లో కూర్చుంటే మాత్రం కాలు జాగ్రత్త. అక్కడ కింద ఇంకో బ్రేకుంటుంది, నేర్చుకునేవాళ్ళు దారి తప్పితే పక్కనుంచి ఆపడానికి. నువ్వు తొక్కావంటే నేనెంత నడిపినా కారు కదలదు."

భర్త కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. లాయరు వచ్చినప్పట్నుంచీ ఆయన లేవడం ఇదే మొదలు. వచ్చి బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. మెత్తగా, దగ్గరివాడిలాగే వేశాడు.

"నేనూ వస్తాను," అన్నాడు. "మీ అక్క వెనకాల కూర్చుంటుంది. ముందు సీట్లో నేను కూర్చుంటాను."